దల్మా దారిలో ఒక దినము

(ప్రసంగ పాఠము)



ఆకాశము నిర్మలముగా నున్న దినములలో పర్సుడీహ్ నుండి ఉత్తరదిక్కునకు చూచువారికి, ఇండ్ల కప్పులకును పొగగొట్టములకును ఆవల ఒక నీలిరేఖ కనిపించును. అది దల్మా పర్వతశ్రేణి. ఆ కొండను చూడని తెలుగువాడు ఈ పట్టణమున లేడు. ఉద్యోగమునకు వచ్చిన మొదటి దినమున చూచినవాడే పదవీవిరమణ దినమునను చూచును. కాని ముప్పది యేండ్ల కొలువులో ఒక్కమాఱైనను ఆ కొండ నెక్కినవారెందఱు? ఎక్కినవారిలో, ఆ కొండ యెవరిదని అడిగినవారెందఱు? ఈ రెండవ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

ప్రశ్న పెద్దదిగా తోచవచ్చును గాని దాని వెంట పోవుటకు మార్గము సులభమైనదే. ఒక సెలవుదినము, ఒక జీపు, నలుగురు మనుష్యులు చాలును. పర్సుడీహ్‌లో బయలుదేఱి, సుబర్ణరేఖను దాటి, దల్మా నెక్కి దిగి, చాండిల్ జలాశయమును చూచి, కాండ్రా ఆదిత్యపూర్‌ల మీదుగా మరల ఇల్లు చేరవచ్చును. మొత్తము దూరము నూఱు కిలోమీటర్లను దాటినను నూటయేబదికి మించదు. దారిలో బజారులున్నవి, సంతలున్నవి, కేకులున్నవి, పిండివంటలున్నవి. ఉదయము ఆఱు గంటలకు కదలిన బండి రాత్రి భోజనము వేళకు తిరిగి రాగలదు.

మొదట పర్సుడీహ్ సంగతి. ఈ పేరులోని 'డీహ్' అను మాటకు పాతకాలము నుండి జనులు నివసించుచున్న ఊరిచోటు అని అర్థము. ప్రక్కనున్న కరన్‌డీహ్, నగరమున కావల కొండదారిలోనున్న పార్‌డీహ్ కూడ అట్టి పేర్లే. అనగా ఉక్కుపట్టణము పుట్టకమునుపే యిచట ఊళ్లున్నవి, ఊళ్లలో మనుష్యులున్నారు. కరన్‌డీహ్‌లో సంతాలుల పూజాస్థానమైన జాహేర్ నేటికిని ఉన్నది. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో స్థాపితమయ్యెను. సాక్చీ గ్రామమున లేచిన కర్మాగారము 1912లో మొదటి ఉక్కును పోసినది. 1919లో నాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణము చేసెను. కాలీమాటి అను చిన్న స్టేషను టాటానగర్ అయినది. స్టేషనున కొకవైపు కర్మాగారము, పట్టణము; రెండవవైపు పర్సుడీహ్.

తెలుగువారిని ఈ మన్నునకు తెచ్చినది ముఖ్యముగా రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. వాల్తేరు నుండి కటకము వఱకు గల తూర్పుకోస్తా మార్గము 1902లో దాని ఆధీనమునకు వచ్చెను. అంతట శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల యువకులకు ఖడ్గపూర్, చక్రధర్‌పూర్, టాటానగర్‌లు దూరదేశములు గాక ఒకే సంస్థలోని స్టేషను పేర్లయినవి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిమ్మటను, 2003లో తూర్పుకోస్తా రైల్వేలో చేరువఱకు, వాల్తేరు డివిజను ఈ రైల్వేలోనే యుండెను. ఉక్కు కర్మాగారమునకు కూలికి వచ్చినవారు, లెక్కలు వ్రాయుటకు వచ్చినవారు, 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధనాలయము వంటి కేంద్రసంస్థలకు వచ్చినవారు వారితో కలిసిరి. బిస్తుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము ఆ వలస యొక్క ప్రత్యక్ష సాక్షి. వచ్చినవారు గుడి కట్టుకొనిరి, గ్రంథములు తెప్పించుకొనిరి, నాటకములాడిరి. తమ భాషను తాము కాపాడుకొనిరి. ఇది గొప్పపని. అయితే ఆ కాపుదలకు కట్టుకొన్న గోడ కొన్నిచోట్ల ఎంత ఎత్తయినదనగా, దాని మీదుగా కొండ కనిపించునే గాని కొండలోని మనిషి కనిపించడు.

ఇక ప్రయాణము. యాత్రికులు బయలుదేఱు వేళకు పర్సుడీహ్ వ్యవసాయ మార్కెట్టు యార్డు మేలుకొనియే యుండును. ఉల్లి, బంగాళాదుంప, బియ్యము, పప్పుల బస్తాలు లారీలనుండి దిగుచుండును. ఇచట వ్యాపారము బస్తాలలోను క్వింటాళ్లలోను జరుగును. సరకు పండించినవాని ముఖము కొన్నవాడు చూడడు. ఇది బజారులలో ఒక విధము. సాయంకాలము చూడబోవు సంత మఱియొక విధము. రెంటిని ఒకేదినమున చూచినవానికి, ధర యనగానేమి, బేరమనగానేమి అను విషయము అర్థశాస్త్ర గ్రంథము లేకయే తెలియును.

బండి రైలుమార్గమును దాటి జుగ్‌సలాయి మీదుగా బిస్తుపూర్ చేరును. ఇచటి బేకరీలలో కొంతసేపు ఆగుట తప్పదు. కొండ మీద అంగళ్లుండవు. పిల్లలకు ఆకలి కాకమానదు. ఎండుద్రాక్ష కేకు రెండుదినములైనను చెడదు గనుక ప్రయాణమునకు అనువైనది. కేకు తెలుగు ఇండ్లలోనికి వచ్చిన దారియు రైలుదారియే. ఖడ్గపూర్, ఆద్రా, చక్రధర్‌పూర్ రైల్వే కాలనీలలో ఆంగ్లోఇండియను కుటుంబములు చాలకాలము ఉండినవి. క్రిస్మస్ దినములలో ప్రక్క క్వార్టరునుండి కేకుముక్క వచ్చును. సంక్రాంతి దినములలో ఈ క్వార్టరునుండి అరిసె వెళ్లును. రైల్వే కాలనీలలో పెరిగిన పాతతరమువారికి ఈ ఇచ్చిపుచ్చుకొనుట క్రొత్తకాదు. భాష రానిచోట పిండివంట మాటాడును. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. మధ్యాహ్నమునకు దీనితో పని యున్నది.

సాక్చీ బజారులో అరటిపండ్లు, నిమ్మకాయలు కొని యాత్రికులు మాన్గో వంతెన నెక్కుదురు. క్రింద ప్రవహించునది సుబర్ణరేఖ. రాంచీకి సమీపమున పుట్టి, సుమారు 395 కిలోమీటర్లు పాఱి బంగాళాఖాతమున కలియు నది యిది. పేరు వట్టి అలంకారము గాదు. ఎగువ ప్రాంతములలో నదియిసుకను చెక్కపళ్లెములలో జాలించి బంగారు రజను తీయువారు నేటికిని కలరు. దినమంతయు నీటిలో నిలిచిన శ్రమకు దొరకునది బియ్యపుగింజంత లోహము. వంతెన మీద నిలిచి వెనుకకు చూచిన ఉక్కుపట్టణము. ముందుకు చూచిన కొండ. ఒకదానికి ఇనుము, ఒకదానికి అడవి. రెంటి నడుమ బంగారము పేరుగల పేదనది.

మాన్గో దాటినపిమ్మట కుడిప్రక్కన డిమ్నా సరస్సునకు పోవుదారి చీలును. అది పట్టణమునకు నీరిచ్చుటకై టాటా కంపెనీ కొండపాదమున నిర్మించిన జలాశయము. సమయమున్నచో కొంతసేపు ఆగవచ్చును. లేనియెడల పార్‌డీహ్ మీదుగా రాంచీ పోవు జాతీయ రహదారి పట్టి మాకులాకోచా చేరవలెను. అదియే దల్మా అభయారణ్యమునకు ద్వారము. ఇచట రుసుము చెల్లించి అనుమతి తీసికొనవలెను. ఇచటినుండి శిఖరమునకు సుమారు 18 కిలోమీటర్ల కొండదారి. మలుపులు నిశితములు, కొన్నిచోట్ల రాళ్లు తేలి యుండును. క్రొత్తగా బండి నేర్చినవాడు ఈ దారిని తన విద్యకు పరీక్షగా ఎన్నుకొనరాదు. చీకటిపడకమునుపే దిగిరావలెను, ఏలయనగా రాత్రివేళ ఆ దారి ఏనుగులది.

దల్మా 1976లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. దాని విస్తీర్ణము రెండువందల చదరపు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. శిఖరము సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల ఎత్తున నున్నది. సాలవృక్షములు, వెదురు పొదలు, ఇప్పచెట్లు, తునికి, మోదుగ దారికి రెండువైపుల నిండియుండును. ఫాల్గుణమాసమున వచ్చువారికి మోదుగపూల ఎఱుపు, సాలపూల పరిమళము, క్రొత్తచిగుళ్ల రాగిరంగు ఒక్కమాఱే లభించును. పాతపట్నము, సీతంపేట కొండలను ఎఱిగినవానికి ఇప్పచెట్టును వేఱుగా చూపనక్కఱలేదు. తూర్పుకనుమలలో పుట్టిపెరిగినవాడు ఈ అడవిలో పరదేశి గాడు. చెట్ల పేర్లు మాత్రము మారినవి.

ఏనుగుల సంగతి కొంచెము వివరింపవలసియున్నది. వేసవిలో క్రింది వాగులు ఎండినపుడు దల్మామీది మడుగులలో నీరుండును గనుక అవి కొండకు చేరును. వానకాలము గడచి వరి పండు దినములు రాగానే తూర్పుగా కదలి పశ్చిమబంగాళములోని అడవులకును పొలములకును పోవును. పంటకాలము ముగిసినతరువాత మరల వచ్చును. ఈ దూరయాత్ర 1980ల దశకపు ఉత్తరార్ధమునుండి అలవాటుగా మారినది. అడవి తఱిగినది, దారిలో రోడ్లు, పట్టాలు, గనులు వచ్చినవి. ఏనుగు పాతదారిని మఱువదు. మనుష్యుడు ఆ దారిని ఎఱుగడు. అందువలన రైతు పంటను పోగొట్టుకొనుచున్నాడు; కొన్నిచోట్ల ప్రాణమును పోగొట్టుకొనుచున్నాడు; ఏనుగులును రైలుపట్టాలమీద ప్రాణములు విడుచుచున్నవి. రైల్వే ఉద్యోగులు ఎక్కువగానున్న సమాజమున ఈ మాటను చెప్పకుండుట తగదు. ఏనుగులు దాటుచోట బండివేగము తగ్గింపుమని వచ్చు హెచ్చరిక ఒక కాగితము మాత్రమే కాదు. దాని వెనుక దల్మా మడుగు, ఆ మడుగునకు పోవు ఒక తల్లియేనుగు, దాని పిల్ల యున్నవి. కొండ నెక్కి ఆ మడుగును చూచిన ఉద్యోగికి ఆ కాగితము యొక్క అర్థము మారును.

అడవిలో ఏనుగు కనిపించుట యాత్రికుని అదృష్టముమీద ఆధారపడినది. ఎలుగుబంటి, ఏదుపంది, అడవిపంది, పెద్దతోకగల బెట్టుడుత కూడ ఈ అడవిలో కలవు. కారుహారను మ్రోగించువారికిని, పాటల పెట్టె నెత్తికెత్తువారికిని వీనిలో ఏదియు కనిపించదు. అట్టివారు అడవిని చూచుటకు గాక అడవికి తమ్ము చూపుటకు వచ్చినట్లగును.

పైన పిండ్రాబేడాలో అటవీశాఖ విశ్రాంతిగృహమున్నది. శిఖరమున శివాలయము, హనుమదాలయము ఉన్నవి. అచటినుండి దక్షిణముగా చూచిన జంషెడ్‌పూర్ నగరము, సుబర్ణరేఖ వంపు, డిమ్నా నీటి మెఱుపు కనిపించును. దినదినమును క్రిందినుండి కొండను చూచువాడు కొండమీదినుండి తన ఊరిని చూచును. అది ఎంత చిన్నది! ఏ మేనేజరు గృహమో, ఏ గుమాస్తా క్వార్టరో ఆ దూరమునుండి గుర్తించుట సాధ్యము కాదు. నాలుగు కేకుముక్కలు తినుటకు, ఈ ఆలోచన చేయుటకు ఇంతకంటె మంచిచోటు లేదు. కాగితములును సీసాలును మాత్రము తెచ్చిన సంచిలోనే తిరిగి తీసికొనిపోవలెను.

యాత్రికులు శివాలయమునకు మ్రొక్కినపుడు ఈ కొండయే కొందఱికి దైవమని తెలిసికొనవలెను. సంతాలీ, హో, భూమిజ్ జనులు దీనిని దల్మా బురు అందురు. బురు అనగా కొండ; కొండయు, కొండలోని దేవతయు అదే మాట. ప్రతిసంవత్సరము వేసవిలో దిసుమ్ సెంద్రా అను వేటపండుగకు ఆదివాసులు విండ్లు, బల్లెములు పూని, దేవతను పూజించి, ఈ కొండ నెక్కుదురు. అభయారణ్యమున వేట చట్టవిరుద్ధము. కావున అటవీశాఖ వారిని వారించుచుండును. వారేమో ఇది తమ పూర్వుల ఆచారమనియు, అడవి తమవలననే నిలిచినదనియు చెప్పుదురు. ఈ వివాదమున తీర్పు చెప్పుట ఒకదినపు యాత్రికుని పనికాదు. కాని తాను రుసుము చెల్లించి విహారమునకు వచ్చిన చోటు మఱియొకరికి పూజాస్థలమనియు, పొలిమేర యనియు, పోరాటమనియు తెలిసికొనుట అతని పనియే. 1832–33లో భూమిజ్ వీరుడు గంగానారాయణ సింహుడు ఆంగ్లేయుల పాలనపై తిరుగుబాటు చేసినది ఈ కొండలకు ఆనుకొనియున్న బరాభూమ్ ప్రాంతముననే. మన్యమునందలి అల్లూరి సీతారామరాజు పేరు వినినంతనే ఛాతి నుబ్బించు తెలుగువాడు, తొంబది యేండ్లకు మునుపే ఇట్టి కొండలలో జరిగిన ఈ పోరును ఎఱుగకుండుట న్యాయము కాదు.

కొండ దిగి రహదారిపై రాంచీ దిక్కునకు మఱికొంత దూరము పోయినచో చాండిల్ వచ్చును. ఈ ప్రాంతము 2001నుండి సరాయికేలా ఖర్సావాన్ జిల్లాలోనిది. సుబర్ణరేఖకు అడ్డముగా ఇచట గొప్ప ఆనకట్ట కట్టిరి. బీహారు, ఒడిశా, పశ్చిమబంగాళ రాష్ట్రముల నడుమ 1978లో కుదిరిన ఒడంబడిక దీనికి ఆధారము. నాడు ఝార్ఖండ్ బీహారులోని భాగము. నీలిజలము, నడుమ ద్వీపములవలె తేలిన గుట్టలు, వెనుక కొండలు. పడవమీద విహరించుటకు ఇంతకంటె అందమైనచోటు ఈ చుట్టుప్రక్కల లేదు. అయితే ఆ గుట్టలు గుట్టలుగా పుట్టినవి గావు, ఊళ్లపొలిమేరలలోని మెట్టలవి. నూఱుకు పైబడిన గ్రామములు ఈ జలాశయమువలన భూమిని గాని ఇండ్లను గాని కోల్పోయినవి. నిర్వాసితుల పరిహారము, పునరావాసము అను మాటలు దశాబ్దములు గడచినను ముగియలేదు. ఈ నీటిలో చేపలు పెంచి, పడవలు నడిపి బ్రదుకు సహకార సంఘములో ఉన్నవారును ఆ నిర్వాసితులే. పడవ నడుపువాని తాతయిల్లు పడవక్రిందనే యుండవచ్చును.

ఇది తెలుగువారికి తెలియని కథ కాదు. 1981లో శ్రీశైలము జలాశయము నిండినపుడు కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో ఎన్నియూళ్లు మునిగినవో ఆ జిల్లాలవారు చెప్పగలరు. సంగమేశ్వరాలయము నేటికిని నీరు తగ్గిన వేసవి నెలలలోనే దర్శనమిచ్చును. పోలవరము కథ ఇంకను నడచుచునే యున్నది. కావున చాండిల్‌లో పడవ నెక్కిన తెలుగువాడు నావికుని ఊరేదని అడిగినచో అది పనిలేని ప్రశ్న కానేరదు. అతడు చెప్పు ఊరు పటములో లేకపోవచ్చును. ఆ పేరును ఒకమాఱు పలికి వినుటయే అతిథి చేయదగిన మర్యాద.

మధ్యాహ్నము తిరిగిన పిమ్మట సంత. ఇచట దానిని హాట్ అందురు. వారమున కొక్కమాఱు, ఒక్కొక్క యూర ఒక్కొక్కదినమున జరుగును గనుక, ముందుగా విచారించుకొని బయలుదేఱిన మంచిది. చెట్లక్రింద నేలమీద పఱచిన గోనెలే అంగళ్లు. సాలపుటాకులతో కుట్టిన విస్తళ్లు, దొన్నెలు, చింతపండు, ఎండిన ఇప్పపూలు, కానుగ గింజలు, లక్క, వేపపుడకలు, వెదురుబుట్టలు, వానకాలమైనచో అడవి పుట్టగొడుగులు. ఎఱ్ఱచీమలను ఉప్పుకారములతో నూఱిన పచ్చడియు దొరకును. ఒకమూల కోళ్ల పందెము. ఒకమూల సారెమీద చేసిన కుండలు. అమ్మునది ఎక్కువగా స్త్రీలే. పట్టణమునుండి వచ్చినవారు ఇచట బేరమాడుటలో చూపు ప్రావీణ్యమును గుఱించి ఒకమాట చెప్పక తప్పదు. బిస్తుపూర్ బేకరీలో కేకునకు అడిగినంత యిచ్చి, రసీదు కూడ చూడక జేబులో వేసికొన్నవాడు, ఒకదినమంతయు అడవిలో తిరిగి కోసిన ఆకులకు, రాత్రి మేలుకొని కుట్టిన విస్తళ్లకు పదిరూపాయలు తగ్గింపుమని పట్టుపట్టును. ఉదయము చూచిన మార్కెట్టుయార్డులో ఆతనికి కనబడని ఉత్పత్తిదారు ఇచట ఎదుటనే కూర్చుండియున్నది. కనబడినవారితోనే గదా బేరము సులభము! ఇది ఆలోచింపదగినది.

ఈ సంతలలోను, చాండిల్ దారిప్రక్క అంగళ్లలోను దొరకు పిండివంటలే ఈ యాత్రకు రెండవ కేకులు. బియ్యము, సెనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేయించిన ధుస్కా. దోసెకు తోబుట్టువైన చిల్కా. సంతాలుల ఇండ్లలో బియ్యపుపిండిని మాంసముతో కలిపి ఆకుల నడుమ కాల్చు జిల్ పీఠా. వీని నడుమ ఆర్సా అనునది ఒకటి కలదు. నానిన బియ్యమును దంచి, బెల్లము పాకమున కలిపి, బిళ్లలుగా తట్టి వేయింతురు. కొందఱు నువ్వులద్దుదురు. తెలుగు స్త్రీ దానిని తినిచూచి చెప్పు మొదటిమాట ఊహింపవచ్చును: ఇది అరిసె గదా! అరిసెయే. నూనె పిండుటకు చెక్కలతో అదుముట యొక్కటే కొన్నియిండ్లలో తక్కువ. ఒడిశాలో అదియే ఆరిసా పీఠా. పురీ జగన్నాథుని నైవేద్యములలో దానికి చోటున్నది. తమిళదేశమున అదిరసము. హిమాలయములలోని గఢ్వాలులో పెండ్లికి అర్సా లేనిదే జరుగదు. వాల్తేరునుండి అరిసెల డబ్బాను భద్రముగా తెచ్చుకొని, ఇది తమయింట తప్ప ఈ దేశమున లేని వస్తువని భావించు కుటుంబమునకు, అదే వంట తరతరములుగా ఆఱుమైళ్ల దూరమున వండబడుచున్నదని తెలియుట మంచి సమాచారమే గదా.

కాలముకూడ ఒక్కటే. పుష్యమాసాంతమున, మకర సంక్రాంతినాడు, ఈ ప్రాంతమున టుసు పరబ్ జరుగును. కన్యలు నెలదినములు పాటలతో టుసును కొలిచి, రంగుకాగితములతో చేసిన చౌడల్ అను మేడను ఎత్తుకొని సుబర్ణరేఖ ఒడ్డునకు పోవుదురు. ఇండ్లలో క్రొత్తబియ్యము, క్రొత్తబెల్లము, పీఠాలు. అదే దినమున పర్సుడీహ్ తెలుగు ఇండ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు. ఒకే నది, ఒకే పంట, ఒకే పండుగ. ప్రక్కప్రక్క వీథులలో వందయేండ్లుగా జరుగుచున్నను ఒకరి పాట ఒకరికి అర్థము కాకున్నది.

భాష రాకపోవుటచే అని కొందఱందురు. ఇచట తెలుగువారి చరిత్రనుండియే ఒక ఉదాహరణము చెప్పవలసియున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా అందఱికి తెలిసినవారు. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా, ఊరికి కనబడు కొండలలోని సవరల భాషను నేర్చుకొనిరి. తన యింట సవరలకు చోటిచ్చి, స్వంతఖర్చుతో వారికి బడులు పెట్టిరి. కొండలలో తిరుగగా సోకిన చలిజ్వరమునకు క్వినైను సేవింపగా ఆయనకు వినికిడి పోయినదని జీవితచరిత్రకారులు వ్రాసినారు. ఇతరుల భాషను వినుటకు పోయి చెవుల నర్పించిన మనిషి! అయినను పని మానలేదు. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆగస్టు 29న ఆయన జన్మదినమును తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొను సమాజములు ఆయన జీవితములోని ఈ సగమును మఱచుచున్నవి.

ఈ సగమే జంషెడ్‌పూర్ తెలుగువారికి మిక్కిలి చేరువైనది. ఏలయనగా సవరభాషయు, ఇచటి సంతాలీ, హో, ముండారీ భాషలును ఒకే ముండా కుటుంబములోనివి. ఇచట బురు అను మాటకు సవరలో బరు అను రూపము కలదు. నీటికి వీనియన్నిట ద కారముతో మొదలగు ఒకే మాట. గిడుగువారు నేర్చిన భాషకు జ్ఞాతులు కరన్‌డీహ్‌లో వినబడుచున్నవి. ఇంతేకాదు. ఝార్ఖండులోని ఉరావ్ జనుల కుడుఖ్ భాష ద్రావిడకుటుంబములోనిదే. మూడునకు మూంద్, నాలుగునకు నాఖ్, కంటికి ఖన్ అని వారందురు. తెలుగునకు దూరమున జ్ఞాతి యొకడు తన మూడు నాలుగులను నిలుపుకొని యున్నాడు. సంతాలీకి 1925లో పండిత రఘునాథ ముర్మూ ఓల్ చికి లిపిని కూర్చెను; 2003లో ఆ భాష రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచిలో తెలుగు ప్రక్కన చేరినది. పరదేశములో మాతృభాషను నిలుపుకొనుటకు శ్రమించుచున్న తెలుగువారికి, స్వదేశములోనే తమ భాషకు గౌరవము సాధించుకొనుటకు శ్రమించినవారి కథ సహజముగా అర్థము కావలెను.

చాండిల్ నుండి కాండ్రా, ఆదిత్యపూర్‌ల మీదుగా తిరుగుదారి. సాయంసంధ్యలో కొండ కుడిచేతివైపు గాక ఎడమచేతివైపునకు మారును. ఉదయమున ముందు నిలిచినది ఇపుడు వెనుక నిలుచును. ఖర్కాయీ వంతెన దాటిన బిస్తుపూర్. కొంతదూరమున ఖర్కాయీ సుబర్ణరేఖలు కలియు దోముహానీ. బండిలో సగము కేకు, ఒక కట్ట విస్తళ్లు, ఆకుపొట్లమున నాలుగు ఆర్సాలు మిగిలియుండును.

సభాసదులారా! ఇట్టి ప్రయాణమును ఎన్నిమాఱులు చేసినను కొండ అంతయు తెలియదు. అయినను ఒక సాంస్కృతిక సమాజము చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ఏటేట జరుపు వనభోజనమును దల్మా పాదమున జరిపి, ఆనాడు కొండయూరి పెద్ద యొకనిని పిలిచి ఆ కొండకథను అతని నోటనే వినుట. రెండవది, గిడుగువారి జయంతినాడు తెలుగుపద్యముల పోటీతోపాటు, సంతాలీ ఉపాధ్యాయు నొకనిని ఆహ్వానించి పిల్లలకు పది మాటలైనను నేర్పించుట. మూడవది అన్నిటికంటె సులభము: రానున్న సంక్రాంతికి ఒక పళ్లెమున అరిసెలును ఆర్సాలును కలిపి యుంచి, ప్రక్కవీథివారిని భోజనమునకు పిలుచుట. ఏది తెలుగుదో ఏది ఝార్ఖండుదో పిల్లలు పోల్చజాలనిచో పెద్దలు నొచ్చుకొననక్కఱలేదు. పర్సుడీహ్‌లో పుట్టిన ఆ పిల్లలకు రెండును స్వంతములే.